బొమ్మ ఆగిపోయిన శుక్రవారాలు

జూన్ 1, 2007. శుక్రవారం

మూడో నంబరు కీబోర్డు మీద రక్తం. తుడిచాను. అక్షరాల సందుల్లో ఇంకా ఉంది.

చేతులు కడుక్కున్నాను. రాస్తే పోతుందేమో.

సత్యవతి. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వస్తుంది — కువైట్‌లో వాళ్ళాయన శ్రీనుకి ఆ రోజే సెలవు. బావగారు అబ్బులు బండి మీద తెచ్చి దింపి, ఎదురుగా కిళ్ళీకొట్టు దగ్గర నిలబడతాడు. ఆ పిల్ల మూడో నంబరు కేబిన్‌లో కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కెమెరా ముందు కొంగు సర్దుకుని, తెర మీద మొగుడి మొహం వచ్చేదాకా రెప్ప వెయ్యదు. పెళ్ళయ్యాక వాళ్ళు ఒక ఇంట్లో ఉన్నదానికంటే నా ఇంటర్నెట్ సెంటర్లో ఇలా ఎదురెదురుగా కూర్చున్నదే ఎక్కువ.

ఈరోజు మాటల మధ్యలో బొమ్మ ఆగిపోయింది. నెట్ పోలేదు. కరెంటు పోలేదు. మెషీన్ బిగుసుకుపోయింది. మౌస్ కదలదు. లోపల ఫ్యాన్ మాత్రం రైస్ మిల్లులా ఒకటే రొద. శ్రీను మొహం నోరు తెరిచి అలాగే... "నిన్న ఫోనెందుకు ఎత్తలేదే" అన్నాడట. అక్కడ ఆగింది.

నేను లేచేలోపే బయట అబ్బులు సెల్ మోగింది. చెప్పులతోనే లోపలికొచ్చాడు.

"మా తమ్ముడు అడుగుతుంటే కట్ చేసేస్తావా?"

జుట్టు పట్టుకుని మొహం కీబోర్డుకేసి కొట్టాడు. ఒక్కసారి కాదు. ప్లాస్టిక్ పగిలిన చప్పుడు, దాని వెనక ఇంకో చప్పుడు.

"సిస్టమ్ ఆగిపోయిందండీ, తనేం చెయ్యలేదు" అని అడ్డం వెళ్ళాను. మోచేత్తో తోశాడు. తలుపు గడియ వీపులో దిగింది.

"మీరు పక్కకి తప్పుకోండి మేడమ్ గారూ. ఇది మా ఇంటి విషయమండి."

అంత మర్యాదగా!

మిగతా కేబిన్లలోంచి తలలు లేచాయి. మళ్ళీ దిగిపోయాయి.


జూన్ 2, శనివారం

వీపు మీద గడియ అచ్చు పడింది. రాజు చూశాడు. ఓడలరేవు గ్యాస్ ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చాడు, ఒళ్ళంతా ఆయిల్ వాసన.

"మనకెందుకు కరుణా. వాళ్ళింటి గొడవ. రేపు సెంటర్ మీద పడతారు."

మొగుడే కదా, నా మంచికే చెప్తున్నాడు. అయినా నేను వినదలుచుకోలేదు.

అమలాపురం ప్రసాదు గారికి ఫోన్ చేశాను. మెషీన్లు ఆయన దగ్గరే కొన్నాం. నేనింకా పూర్తిగా చెప్పకముందే — "వైరస్ అండి. ఫార్మాట్ కొట్టెయ్యండి. ఆయ్, అంతేనండి."


జూన్ 4, సోమవారం

మూడో నంబరు ఫార్మాట్ చేశాను. మొత్తం కడిగేసినట్టు. సాయంత్రానికి గుర్రంలా పరిగెడుతోంది. కీబోర్డు కొత్తది పెట్టాను. పాతది పారెయ్యలేదు. ఎందుకో తెలియదు.


జూన్ 5, మంగళవారం

మళ్ళీ.

నెట్ తగిలించిన కాసేపటికే బిగుసుకుపోయింది. ఇప్పుడు మూడోదే కాదు, ఒకటి కూడా, అయిదు కూడా. డిగ్రీ ఫలితాలు చూసుకోవడానికి వచ్చిన అమ్మాయిలు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ నూటికి నూరు. పచ్చగీత పైన అంటుకుపోయి కిందకి దిగదు. ఏ పనీ చెయ్యకుండా నూరు!

కాలితో తన్నాను. సీపీయూ డబ్బా సొట్టపడింది. బొటనవేలి గోరు చిట్లింది. బావుంది.


జూన్ 6

కరెంటు లేదు. లైన్ మీద కొబ్బరిమట్ట పడిందట.


జూన్ 7, గురువారం

ప్రాసెసర్ని తినేస్తున్నదెవరో పేరు తెలిసింది. ఎస్‌విసి హోస్ట్ అట. అదే పేరుతో అయిదారు నడుస్తుంటాయి, అందులో ఒక్కటే తొంభైతొమ్మిది మింగి కూర్చుంది. దాన్ని చంపాను. ప్రాసెసర్ దిగింది. దాంతోపాటు నెట్ పోయింది, సౌండ్ పోయింది. మళ్ళీ ఆన్ చేస్తే అదీ లేచింది.

చంపితే పనికొచ్చేవి కూడా చస్తున్నాయి. చంపకపోతే అదే మెషీన్ని చంపుతోంది.

రేపు శుక్రవారం. 


జూన్ 8, శుక్రవారం

సత్యవతి పై పెదవి చిట్లి నల్లగా గట్టిపడింది. పౌడర్ రాసుకుని వచ్చింది. పౌడర్ అక్కడ పట్టలేదు.

"ఇవాళ ఆగకుండా చూడండక్కా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఉన్నవాటిలో కాస్త నయం కదా అని రెండో నంబరులో కూర్చోబెట్టాను. పక్కనే నిలబడ్డాను. శ్రీను వచ్చాడు. బనియను, కొత్త గొలుసు, వెనక మంచం మీద ఎవరివో బట్టలు. కాస్త నవ్వాడు కూడా. "పెదవికేమైందే?" అన్నాడు. తెలియనట్టు! సత్యవతి ఏదో చెప్పబోయింది. ఆ నవ్వు మీదే బొమ్మ ఆగింది. ఫ్యాన్ రొద మొదలైంది.

సెంటర్ ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. "శ్రీను గారూ, తప్పు మెషీన్‌దండీ, ప్రాసెసర్ నూరుకి వెళ్ళిపోతోంది, సత్యవతి ముట్టుకోను కూడా లేదు—"

"నువ్వెవత్తివే మధ్యన? దానికి దొంగపనులు నేర్పేది నువ్వేనా?"

తర్వాత అన్నవి రాయను.

అబ్బులు ఈసారి లోపల కొట్టలేదు. మెడ మీద చెయ్యి వేసి, చుట్టాన్ని సాగనంపుతున్నట్టు బయటికి నడిపించుకుపోయాడు. వెళ్తూ నా వైపు తిరిగి, "వస్తామండి" అన్నాడు.


జూన్ 10, ఆదివారం

రాజు పెట్రోలు కొట్టించుకుంటుంటే చూశాడట — సర్కారు ఆసుపత్రి మెట్ల మీద సత్యవతి. ఎడమచేతికి సిమెంట్ కట్టు.

చర్చిలో కూర్చున్నాను. పాస్టరు గారు క్షమించడం గురించి చెప్తున్నారు. నేను అబ్బులు చేతుల గురించి ఆలోచిస్తున్నాను. కొబ్బరికాయల వ్యాపారం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గునపం మీద కాయలు వలిచిన చేతులు. ఆ గునపం మీదకి ఆ చేతినే దించితే... ఆమెన్ అన్నారందరూ. నేనూ అన్నాను.


జూన్ 12, మంగళవారం

దొరికింది. దొరికింది, దొరికింది!

ఇదే రోగంతో ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో నెట్‌లో మొత్తుకుంటున్నారు. ఒక్కో హోస్ట్ కడుపులో ఏమేం నడుస్తున్నాయో చూపించే ఆర్డర్ ఒకటుంది. నల్ల విండో తెరిచి కొట్టాను. చాంతాడంత లిస్టు వచ్చింది — సౌండుది, నెట్‌ది, ఇంకా ఏవేవో. వాటి మధ్యలో 'ఆటోమేటిక్ అప్‌డేట్స్'. మిగతావాటిని ముట్టుకోకుండా దాన్నొక్కదాన్నీ ఆపాను.

పచ్చగీత పడిపోయింది. నూరు నుంచి నేలకి. ఫ్యాన్ నెమ్మదించింది. సెంటర్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు.

జరుగుతున్నది ఇదీ: నెట్ తగలగానే మెషీన్ దానంతట అదే, నాకింకా ఏ అప్‌డేట్లు రావాలి అని మొదటినుంచీ లెక్క చూసుకోవడం మొదలుపెడుతుంది. నా మెషీన్లలో మెమరీ తక్కువ. ఆ లెక్కలోనే ఊపిరాడక చస్తుంది. ఫార్మాట్ చేసినదానికైతే అన్నీ కొత్తగా కావాలి, అందుకే ఇంకా ఎక్కువైంది. వైరసూ కాదు, మన్నూ కాదు. బాగుచెయ్యడానికి పెట్టినదే.

అన్నిట్లో ఆపేశాను. ఆదివారాలు సెంటర్ మూసి ఉన్నప్పుడు ఒక్కోదానికీ నేనే పెడతాను, నా చేత్తో. పూర్తిగా మానేస్తే నిజం వైరస్‌లు వస్తాయని రాజు అంటున్నాడు. నిజమే.

ఈ శుక్రవారం ఆగదు. వాళ్ళకి ఇక వంక లేదు. రానీ.


జూన్ 14

అన్నీ మూడు, నాలుగు శాతంలో నడుస్తున్నాయి. కెమెరా అద్దం స్పిరిట్‌తో తుడిచాను.


జూన్ 15, శుక్రవారం

ఎలా రాయను? జరిగింది జరిగినట్టు రాస్తాను.

సత్యవతి వచ్చింది. సిమెంట్ కట్టు చెయ్యి కొంగు కింద. "ఆగదు. నామీద ఒట్టు" అన్నాను. మూడో నంబరులో కూర్చోబెట్టాను. శ్రీను వచ్చాడు. అంత స్పష్టంగా ఎప్పుడూ లేదు — గడ్డం గీసుకున్నప్పుడు తెగిన గాటు కూడా కనబడుతోంది. సత్యవతి మొహం విప్పారింది. నిజంగా విప్పారింది, నేను చూశాను. "ఏవండీ, బాగా కనబడుతున్నానా?" అంది.

"బాగా కనబడుతున్నావు. అన్నయ్యని పిలు" అన్నాడట శ్రీను.

అబ్బులు వచ్చాడు, ముందే అనుకున్నట్టు. హెడ్‌ఫోన్ల పిన్ను పీకి స్పీకర్‌కి పెట్టాడు. శ్రీను గొంతు సెంటరంతా వినబడింది.

"రెండు వారాలు నన్ను వెధవని చేసింది. ఇవాళ మాత్రం ఆగలేదు చూసేవా? నువ్వక్కడ ఏం చేస్తున్నావో నాకు తెలియదనుకున్నావు. కెమెరా ముందు నిలబెట్టి ఇయ్యన్నయ్యా. నేను చూడాలి."

అబ్బులు కుర్చీ తన్నేశాడు. నిలబెట్టాడు. చెంప మీద మొదలుపెట్టాడు. ఆ పిల్ల అరవలేదు. కట్టు ఉన్న చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతినే పట్టుకుని మెలితిప్పాడు. అప్పుడు అరిచింది.

తెర మీద శ్రీను ముందుకి వంగి చూస్తున్నాడు. "కొంచెం పక్కకి అన్నయ్యా. నువ్వడ్డం వస్తున్నావు."

బొమ్మ ఎక్కడా ఆగలేదు. ఒక్క క్షణం కూడా.

నేనే ఆగిపోయాను. కౌంటర్ వెనక, బిగుసుకుపోయి. ఎంతసేపో తెలియదు. తర్వాత చేతిలో షట్టర్ లాగే ఇనపరాడ్ ఉంది. ఎప్పుడు తీశానో గుర్తులేదు. అబ్బులు మోచేతికీ మణికట్టుకీ మధ్యన కొట్టాను. లోపల ఎముక పలికింది. రెండోది భుజం మీద. మూడోది గురి తప్పి ప్లైవుడ్‌లో దిగబడింది. వాడు కింద కూలబడ్డాడు. నుదురు టేబుల్ అంచుకి తగిలి కంట్లోకి రక్తం.

ఎముక పలికిన చప్పుడు నాకు నచ్చింది. ఇక్కడ తప్ప ఎక్కడ రాస్తాను. నచ్చింది.

స్పీకర్లో శ్రీను బూతులు తిడుతూ అరుస్తున్నాడు. వైరు పీకెయ్యొచ్చు. పీకలేదు. కెమెరా ముందుకి వంగాను.

"బాగా కనబడుతోందా శ్రీను గారూ? ఇటు కూడా చూడండి" అని కెమెరాని కిందకి, అబ్బులు వైపు తిప్పాను.

శ్రీనే కట్ చేశాడు.


జూన్ 16, శనివారం

రాజోలు పోలీస్ స్టేషన్. బల్ల మీద కూర్చోబెట్టారు. అబ్బులు ఎదురు బల్ల మీద, చెయ్యి మెడకి వేలాడదీసుకుని.

"ఆడకూతురివి, అంత కోపమేంటమ్మా?" ఎస్సై గారు.

"ఆయన ఆ అమ్మాయిని చంపేసేలా కొడుతున్నాడండి."

"ఆయ్, కొట్టేనండి" అన్నాడు అబ్బులు, దాచకుండా. "మా ఇంటి పిల్లండి. తమ్ముడు కొట్టమంటే కొట్టేను. ఈవిడెవరండీ మధ్యన?"

ఎస్సై గారు ఆ మాటకి తల ఊపారు. ఊపానని ఆయనకే తెలియదేమో.

మిగతా కేబిన్లలో ఉన్నవాళ్ళని పిలిపించారు. "హెడ్‌ఫోన్లు పెట్టుకున్నామండి." "వేరే పనిలో ఉన్నామండి." ఒకాయన అయితే నా మొహం చూడకుండా, "కరెంటు పోయిందనుకుంటానండి" అన్నాడు.

మిగిలింది సత్యవతి మాట. తను చెప్తే కేసు వాళ్ళ మీద. చెప్పకపోతే నా మీద. వచ్చే శనివారం స్టేట్‌మెంట్ తీసుకుంటారట. ఈలోగా రాజీ పడితే మంచిదని సలహా. సత్యవతి అత్తగారింట్లో ఉంది. వాళ్ళ చేతుల్లో.


జూన్ 17, ఆదివారం

రాజు కంచం విసిరేశాడు. అన్నం గోడకి అంటుకుంది.

"ఎవడు చెప్పేడు నిన్ను రాడ్డు ఎత్తమని? ఎవడికోసం? రేపు జైల్లో కూర్చుంటావు, నా ఉద్యోగం పోతుంది!"

మీదకొచ్చాడు. చెయ్యి లేచింది. గాలిలో ఆగింది. నేను కదలలేదు, దాని వైపే చూశాను. రాజు కూడా చూశాడు, అది తన చెయ్యి కానట్టు.

దించాడు. బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. గోడ నేనే కడిగాను.

పెళ్ళయినప్పటినుంచీ ఆ చెయ్యి లేవడం ఇదే మొదలు. దిగింది. దిగింది కాబట్టి మర్చిపోవాలా?


జూన్ 18, సోమవారం

సెంటర్ తాళం పగలగొట్టారు. ఒక్కో మానిటర్నీ ఎత్తి నేలకేసి కొట్టారు. కేబిన్ చెక్కలు కత్తితో నరికారు. గుమ్మం మధ్యలో సగం వలిచిన కొబ్బరికాయ పెట్టి వెళ్ళారు. ఎవరో తెలియకూడదని కాదు, తెలియాలనే.

బల్ల కింద పడ్డ ఒక్క మానిటర్ బతికింది.

రాజు సెలవు పెట్టాడు. గాజుపెంకులు ఊడుస్తున్నాడు. నాతో మాట్లాడలేదు. చీపురు పట్టిన చేతికి గాజు గుచ్చుకుంది. కట్టు కట్టలేదు నేను. కట్టాల్సిందేమో.


జూన్ 19

ఎవరూ రాలేదు. కిళ్ళీకొట్టాయన కూడా తల తిప్పేసుకుంటున్నాడు.


జూన్ 20, బుధవారం

సత్యవతి వచ్చింది! ఆటో దిగి, చెప్పుల్లేకుండా. కట్టు మార్పించుకుని వస్తానని చెప్పి బయటపడిందట. చేతిలో మందుల సంచి, అంతే.

"వెనక్కి వెళ్ళనక్కా. వెళ్తే చంపేస్తారు. ఆయన వస్తున్నారు. టికెట్ తీసేసుకున్నారట."

పుట్టింటికి వెళ్ళవా అన్నాను. అక్కడ సవతి తల్లి. అక్కడికే మొదట వెతుక్కుంటూ వెళ్తారు.

రాజు విన్నాడు. నేను అతని మొహం వంక చూడలేదు, ఏం కనబడుతుందోనని భయం. లోపలికి వెళ్ళి గదిలో మంచం వాల్చాడు. "నీళ్ళు కాగుతున్నాయమ్మా, స్నానం చెయ్యి" అన్నాడు. నాతో మాత్రం ఇంకా మాటలు లేవు.

స్నానానికి సాయం వెళ్ళాను. వీపు చూశాను. రాయలేను.


జూన్ 21, గురువారం

అబ్బులు మనుషులు బండ్ల మీద వీధిలో అటూ ఇటూ. హారన్. అరుపులు లేవు, హారనొక్కటే. ఇంట్లో పీటల మీద ముగ్గురం, అన్నం కలుపుకుంటూ.

"స్టేషన్‌లో జరిగింది చెప్పు చాలు" అన్నాను.

"జరిగింది చెప్తే ఆయన్ని లోపల వేస్తారా?"

"వెయ్యాలి."

"తర్వాత బయటికొస్తారు కదక్కా."

 రాజు కంచం వైపు చూస్తూ, "వస్తాడు. వచ్చినప్పుడు చూసుకుందాం" అన్నాడు. ఆదివారం తర్వాత ఈ గొడవ గురించి అతని నోటినుంచి నేను విన్న మొదటి మాట. నాకోసం అన్నది కాదు. అయినా విన్నాను.


జూన్ 22, శుక్రవారం

సెంటర్ తెరిచాను. తెరవకపోతే భయపడ్డానంటారు. రాజు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సత్యవతిని ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తెచ్చుకున్నాం. కౌంటర్ దగ్గర కూర్చుని రాస్తున్నాను.

శ్రీను రాజమండ్రిలో దిగాడట. కారు కట్టించుకున్నాడు. రావులపాలెం దాటేశాడని స్టేషన్ హెడ్ కానిస్టేబుల్ గారు ఫోన్ చేసి చెప్పారు — "జాగ్రత్తమ్మా" అన్నారు. ఒక కానిస్టేబుల్ని పంపొచ్చు కదండీ అంటే, "చూస్తానమ్మా" అన్నారు.

బతికిన మానిటర్ తగిలించి పెట్టాను. సత్యవతి చాలాసేపు దాని వంక చూసింది.

"నన్ను చూపించండక్కా అందులో."

"ఎవర్ని పిలవాలి?"

"ఎవర్నీ వద్దు. నన్నే."

కెమెరా పెట్టి, తన బొమ్మ తనకే కనబడేలా తిప్పాను. కొంగు తీసింది. చెంప మీద పసుప్పచ్చగా మారుతున్న కమిలిన మచ్చ, పెదవి గాటు, కన్ను కింద వాపు. తల ఇటు తిప్పింది, బొమ్మా తిప్పింది. కట్టు చెయ్యి ఎత్తింది. కెమెరాకి దగ్గరగా జరిగింది, తెరంతా తన మొహమే అయ్యేదాకా.

రేపు ఏం చెప్తావు సత్యవతీ అని అడిగాను. వినిపించుకోలేదు.

"ఇంత బాగా కనబడుతుందా అక్కా అటువైపు?"

"కనబడుతుంది."

"ఇంత బాగా కనబడుతుంటే... చూస్తూ ఎలా కూర్చున్నాడక్కా?"



ఇంకా చూసుకుంటోంది. బయట ఏదో కారు ఆగింది. రాజు కుర్చీలోంచి లేచాడు.